నల్లరాయి ముందు, ఎర్రచార తర్వాత

మేడం పోయారని నాకు చెప్పినవాడు ఆవిడ చుట్టమూ కాదు, శిష్యుడూ కాదు. ఫిలింనగర్ దిగేచోట ఉన్న ఆ అద్దాల బిల్డింగు మేనేజరు. "సార్, మేడం గారు ఎక్స్‌పైర్ అయ్యారు. ఆదివారం సాయంత్రం మన రాయి దగ్గరే కండోలెన్స్ పెడుతున్నాం. కాసిని లైట్లు, వెనకాల ఒక నల్ల కర్టెనూ పెట్టిస్తారా? రాయి బాగా ఎలివేట్ అవ్వాలి" అన్నాడు. ఎక్స్‌పైర్ అయ్యారట! మందు సీసానా ఆవిడ? పోయారు అనడానికి నోరు రాలేదు వాడికి. సరే, అది అటుంచండి. మన రాయి అన్నాడు చూశారూ, అక్కడ ఒళ్ళు మండింది నాకు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు రాయగూడని చోట రాస్తే ఏమవుతుందో ఆవిడ చివరి రోజుల్లో చూసి చూసి విసిగిపోయారు. కృష్ణానగర్‌లో అందరూ రాళ్ల మేడం అనేవారు. ఒట్టి మేడం అంటే మా పేటలో హీరోయిన్ వాళ్ళ అమ్మ అనుకుంటారు, అందుకని.

నాకు కృష్ణానగర్‌లో ఒక షెడ్డుంది. సినిమాలకి గుళ్ళు, కోటగోడలు, గుహలు చేసిస్తాను. హీరో ఒంటిచేత్తో ఎత్తి విసిరే బండరాళ్ళు మా దగ్గర పుట్టినవే. థర్మాకోల్ చెక్కి, పైన గుడ్డ అంటించి, రంగేస్తాం. మా పెయింటరు యాదగిరిది రహమత్ నగర్. వాడు రంగేసిన రాయిని కెమెరా కూడా పట్టుకోలేదు. మేడంని మొదటిసారి చూసిన రోజు కూడా అలాంటి రాళ్ళే ట్రాలీ ఆటోలో వేస్తున్నాం. నేత చీర, కాళ్ళకి మగవాళ్ళ స్పోర్ట్స్ బూట్లు, భుజాన ఖాకీ సంచి, మెడలో తాడుకి వేలాడే చిన్న భూతద్దం. ఎవరో కేరక్టర్ ఆర్టిస్టు మేకప్‌తో దారి తప్పి వచ్చిందనుకున్నాను.

"ఏమయ్యా, ఈ రాయి ఏడిది?" అన్నారు.

"మాదేనండి. థర్మాకోలు."

"గది కనవడుతనే ఉన్నది. ఏ ఊరి రాయి అని అడుగుతున్న."

"రాయికి ఊరేంటి మేడం, సినిమా రాయి."

"సినిమాల ఉంటే మాత్రం రాయికి అవ్వయ్య ఉండరా?" అని బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని రాయి మీద గట్టిగా రుద్దారు. మళ్ళీ అదే వేలు నోట్లో పెట్టుకోబోతే పచ్చి పెయింటు అంటుకుంది. తూ తూ అని ఉమ్మి, "గిదేం రాయయ్యా, పగుళ్లన్నీ ఎటుపడితే అటే ఉన్నయ్. ఏది ముందు పగిలింది, ఏది తర్వాత పగిలింది? ఏదో ఒకటి ముందు ఉండాలె కదా" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నవ్వుడు కాదు. నాతోని రా. దగ్గర్నే ఉన్నది" అన్నారు. నేనూ యాదగిరీ వెనకాలే వెళ్ళాం. ఎందుకు వెళ్ళామంటే, ఆవిడ పిలుపులో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతుంది. కాదంటే బెంచీ ఎక్కిస్తుందేమో అన్నట్టుండేది.

గవర్నమెంటు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. పెళ్ళి చేసుకోలేదు. వెంగళరావు నగర్‌లో అక్క కొడుకు ఇంటి మీద ఒక గదిలో ఉండేవారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, కొండంతా నడిచి, మధ్యాహ్నానికి మా షెడ్డు దగ్గర నీళ్ళు తాగి వెళ్ళేవారు. ఇంతకన్నా ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు.

ఆ రాయి ఫిలింనగర్‌కీ జూబ్లీహిల్స్‌కీ మధ్య వాలులో, ఒక ఖాళీ ప్లాటులో ఉండేది. మేం దాన్ని రోజూ చూస్తున్నదే. హీరో అవుదామని వచ్చిన కుర్రాళ్ళు దానికి ఆనుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలు దిగేవారు. ఎప్పుడో రాళ్ళు కొట్టేవాళ్ళు దాన్ని నిలువునా చీల్చారు కాబట్టి ఒకవైపు గోడలా చదునుగా ఉండేది. మేడం సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆ గోడ మీద పైనుంచి పోశారు. అంతే, బూడిదరంగు రాయి ఒక్కసారి రంగు తిరిగింది. గోడంతా నల్లగా, సన్నటి చారలు చారలుగా, ఆ చారలు కూడా మడతలు పెట్టిన దుప్పట్లా వంకర తిరిగి ఉన్నాయి. వాటికి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రటి చార ఒకటి కోసుకుంటూ పోయింది.

రోడ్డు మీద పోతున్న ఒకావిడ, రాయికి అభిషేకం జరుగుతోందనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. మేడం గయ్యిమన్నారు. "దండం పెట్టకు! సూడు! ఇటు రా, సూడు!" ఆవిడ భయపడి పారిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చూశానో ఈ తంతు. నీళ్ళు పోయడం, ఎవరో ఒకరు దణ్ణం పెట్టడం, ఈవిడ కేకలు. "గీ ఊర్ల రాయికి మొక్కుతరు, లేకపోతే పేలుస్తరు. సూసేటోడు మాత్రం ఒక్కడు లేడు" అనేవారు.

ఆ రోజు మా ఇద్దరికీ పాఠం చెప్పారు. "గీ నల్లది ఉన్నది కదా, ఇది పుట్టినప్పుడు గిట్ల లేదు. ఎప్పటిదో లావా. గడ్డకట్టి నేలయింది. దాని మీద ఇంకో నేల కూసున్నది. లోపలికి పోయింది, మైళ్ల లోతుకు. ఆడ ఉడుకు, ఒత్తుడు. కరిగిపోలే. రూపం మార్చుకున్నది, గంతే. ఒత్తుడుకు లోపలి గింజలన్నీ వరుసకు తిరిగినయ్. గీ చారలు గవే. ఇగో, ఈ ఎర్ర చుక్కలు సూడు, గార్నెట్లు. ఎంత లోతుకు పోయొచ్చిందో ఇవి చెప్తయ్."

"మరి ఆ ఎర్రచార మేడం?" అన్నాడు యాదగిరి.

"గది తర్వాతొచ్చింది బిడ్డా. అడుగున కరిగిన గ్రానైటు పగుళ్లకెల్లి పైకొచ్చి నల్లదాన్ని కోసింది. కోయాల్నంటే కోయించుకునేది ముందుగాల ఉండాలె కదా? హైద్రాబాద్ అంటే గ్రానైటు అంటరు అందరు. గ్రానైటు కిరాయిదారు! అది వచ్చేటాళ్లకే ఇల్లున్నది ఈడ. గా ఇల్లు ఇదే." అని ఆ నల్లచారల మీద అరచేయి పెట్టి నిమిరారు. తర్వాత, "ఖండమంటే ఒక్కనాడు పోసిన స్లాబు కాదయ్యా. ముక్క ముక్క అతికింది, కాలింది, మళ్ల అతికింది. గా అతుకులు ఏడ కనవడ్తయంటే గిసువంటి రాళ్ల మీదనే" అన్నారు.

నాకు సగం అర్థమైంది. పాతికేళ్ళుగా రాళ్ళు చేస్తున్నాను, రాయికి ముందూ వెనకా ఉంటుందని నాకెవడూ చెప్పలేదు.

అక్కణ్ణించి ఆవిడ మా షెడ్డు మనిషైపోయారు. ఏ విషయం వచ్చినా ఒకటే ప్రశ్న, ఏది ముందు? యాదగిరి పెళ్ళాంతో దెబ్బలాడి అన్నం తినకుండా వస్తే, "ఏది ముందు? ఆమె తిట్టుడా, నువ్వు తాగుడా?" అనేవారు. వాడు తల గోక్కుంటూ, "తాగుడే మేడం" అనేవాడు. "మరి గా వరుసల పోయి మాఫీ అడుగు" అనేవారు. ఇరానీ హోటల్లో బల్ల మీద టీ మరకల్ని చూసి ఏ కప్పు ముందు పెట్టారో, ఏది తర్వాత పెట్టారో చెప్పేవారు. సర్వరు కుర్రాడు పందెం కాసి ఓడిపోయేవాడు. ఒక్కోసారి విసుగొచ్చేది, నిజం చెప్పొద్దూ? షూటింగ్ హడావిడిలో ఉంటే వచ్చి, గుహ గోడ మీద పగులు తప్పు, మళ్ళీ వెయ్యమనేవారు. "మేడం, ఇందులో ఐటం సాంగు తీస్తారు, ఎవడూ గోడ చూడడు" అంటే, "నువ్వు సూడవా?" అనేవారు. మళ్ళీ వేయించేవాణ్ణి.

అప్పటికే సాఫ్ట్‌వేరు గాలి జోరుగా వీస్తోంది. మెళ్ళో ట్యాగులు, ఇంటింటి ముందూ తెల్ల కార్లు. మా పేటలో జూనియర్ ఆర్టిస్టుల గదులు ఖాళీ చేయించి హాస్టళ్ళు పెట్టారు. కొండ మీద రోజూ మధ్యాహ్నం ఈల వినిపించేది, ఆ వెంటనే ధన్‌మని పేలుడు. మా షెడ్డు రేకులు గలగలలాడేవి. మేడం ఉలిక్కిపడేవారు కాదు, లేచి వెళ్ళిపోయేవారు. పేల్చిన చోట ముక్కలేరుకుంటుంటే చిత్తు కాగితాల మనిషనుకుని వాచ్‌మన్లు కసిరేవారు. అలాంటి రాతిగోడలు కొండ మీద ఇంకో రెండు ఉండేవట. ఒకటి ఎవరిదో ఈతకొలనైంది, ఒకటి రోడ్డైంది. "నల్లది, చారలు, ఎర్రది కోసుడు, మూడూ ఒక్కకాడ కనవడేది ఇగ గిదొక్కటే. ఇది పోతే పోరలకు ఏం సూపెట్టాలె?" అని ఆవిడ బెంగ. రిటైరైనా ప్రతి ఏడూ కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చి ఆ గోడ ముందు నిలబెట్టేవారు.

ఆ ప్లాటు కొన్నాయన ఒకప్పుడు నిర్మాత. రెండు సినిమాలు తీసి చేతులు కాల్చుకుని, కంపెనీలకి ఆఫీసులు కట్టే పనిలోకి దిగాడు. మనిషి మహా మెత్తన. మేడం వెళ్ళి అడిగితే కుర్చీ తెచ్చి వేశాడు. "అమ్మా, నేను కళాకారుణ్ణండీ. మీ రాయిని ముట్టుకుంటే నా చెయ్యి విరిగిపోద్దండీ. రాయి చుట్టూనే బిల్డింగు కడతాం. లోపలికి రాగానే మీ రాయే కనపడుద్ది" అన్నాడు. ఆవిడ నమ్మేశారు! మా షెడ్డుకి ఉస్మానియా బిస్కెట్లు పట్టుకొచ్చి అందరికీ పంచారు. నేను మాత్రం ఆయన సినిమాకి పనిచేసి ఉన్నాను. ఆ మెత్తదనం నాకు తెలుసు. అయినా ఆవిడ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

కొన్నాళ్ళకి ఆయనే మా షెడ్డుకొచ్చాడు. రాయికి ఉన్నదున్నట్టు అచ్చు, అదే మోల్డు, తీయాలన్నాడు. ఎందుకంటే, "సేఫ్టీకండీ. కన్‌స్ట్రక్షన్‌లో ఏ మూలైనా పెచ్చూడితే చూసి సరిచేసుకోడానికి" అన్నాడు. మేడంకి ఈ మాట ఎంత నచ్చిందో! "తెలివిగలోడయ్యా" అన్నారు. మోల్డు తీసే ముందు రాయిని ఆవిడే టూత్‌బ్రష్షుతో తోమారు. మేం రబ్బరుపాలు పూతలు పూతలుగా పూసి, గుడ్డ వేసి, ఆరాక ఒలిచి తెచ్చుకున్నాం. గార్నెట్ల గుంటలతో సహా దిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఈల వినిపించింది. రోజూ వినేదే కదా అని నేను పట్టించుకోలేదు.

సాయంత్రం మేడం వచ్చారు. చీరంతా తెల్లటి దుమ్ము. కొంగులో పిడికెడంత రాయి ముక్క. దాన్ని నా బల్ల మీద పెట్టి, "నీకెరుకేనా?" అన్నారు. "మీ మీద ఒట్టు మేడం, తెలియదు" అన్నాను. నా కళ్ళలోకి చూశారు. నమ్మారు. తర్వాత స్టూలు మీద కూలబడి, "వాని నోట్ల మన్నువడ. మూడు అంతస్తుల సెల్లారు కావాల్నట. కార్లు పెట్టుకోవాల్నట. గన్ని కోట్ల ఏండ్లు, గంత ఉడుకుల కరగనిది, కార్ల కోసం..." అని కొంగుతో ముఖం కప్పుకున్నారు. యాదగిరి నీళ్ళు తెచ్చాడు. తాగలేదు. ఆవిడ ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. నాకైతే వెళ్ళి వాడి కాలర్ పట్టుకోవాలనిపించింది.

రెండు రోజులకి నిర్మాతగారి ఫోను. మోల్డులోంచి ఫైబర్‌తో అచ్చంగా అలాంటి రాయి పోసి లాబీలో నిలబెట్టాలట. అప్పుడర్థమైంది నాకు మోల్డు దేనికో. ఛీ, నేను చెయ్యను అన్నాను. ఆపింది ఎవరనుకున్నారు? మేడమే. "చెయ్యి. రాయి పోయింది. రాయి ముఖం నీ దగ్గర ఉన్నది. గదన్న సక్కగ ఉండాలె. పోరలకు సూపెట్టెతందుకు గదన్న ఉంటది" అన్నారు. రోజూ వచ్చి కూచుని, ఎక్కడెక్కడ చార ఉండాలో, ఎక్కడ ఎర్రది నల్లదాన్ని కొయ్యాలో చూపించేవారు. ఫైబర్ పోసి బయటికి తీశాం. ఇక రంగే మిగిలింది. అప్పుడు ఊరంతా కీళ్ళజ్వరాలు. ఆవిడా మంచం ఎక్కారు.

ఓపెనింగు దగ్గరికొచ్చేసింది. విదేశీ క్లయింట్లు వస్తున్నారట. యాదగిరి రంగేశాడు, ఎప్పట్లానే వేశాడు. మా పనిలో ఒక పద్ధతుంది. ముందు అస్తరు పూత, దాని మీద లేత రంగులు, ఆ మీద ఎరుపూ పసుపూ, అన్నిటికన్నా ఆఖర్న నలుపు. నలుపు తప్పుల్ని కప్పేస్తుంది, లోతు తెస్తుంది, అందుకని ఎప్పుడూ చివరే. సెట్టు పెయింటర్లందరిదీ అదే చెయ్యి. ముందు ఎర్రచార సలక్షణంగా లాగాడు. ఆఖర్న నల్లచారలు వేస్తూ ఎర్రచార మీంచి దాటించేశాడు. ఎర్రచార ఎక్కడికక్కడ నల్లదాని కింద తెగిపోయింది. చూడ్డానికి ఎంత బావుందో! నేనూ చూశాను, బావుందనే అనుకున్నాను. జ్వరం తగ్గని మనిషిని లేపి ఎవడు అడుగుతాడు చెప్పండి?

ఓపెనింగు రోజు మేడం కర్ర పట్టుకుని వచ్చారు. కీళ్ళు ఇంకా పట్టేసి ఉన్నాయి. బ్యాండు మేళం, పూలు, ఫోటోలు. ముసుగు లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ దగ్గరికెళ్ళి బొటనవేలు తడి చేసుకున్నారు. రాయి మీద పెట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. యాదగిరి వైపు తిరిగి, "తాతను తీస్కపోయి మనుమన్ని జేసినవ్ కదరా" అన్నారు, కోపం లేకుండా. వాడు ముందు తెల్లబోయాడు, తర్వాత చూసుకున్నాడు, తల కొట్టుకున్నాడు. "ఒక్క పూట మేడం, ఒక్క పూట టైమియ్యి, సరిజేస్త" అన్నాడు.

నిజంగానే ఒక్క పూట పని. నిర్మాతగారు ఒప్పుకోలేదు. ఆ రాయి ఫోటోనే కంపెనీ గుర్తు చేసేశారట. కార్డుల మీద, కప్పుల మీద, కుర్రాళ్ళ ట్యాగుల మీద అదే బొమ్మ అచ్చైపోయిందట. "ఎవరికి తెలుస్తుందమ్మా? నల్లది పైనుంటేనేం, ఎర్రది పైనుంటేనేం. లుక్కు అదిరింది కదండీ" అన్నాడు. అంతకన్నా ఘోరం, రాయి ముందు ఇత్తడి పలక. కోట్ల ఏళ్ళ నాటి అసలు శిలని భద్రపరిచామని, దాన్ని గుర్తించింది ఫలానా ప్రొఫెసరు గారని, ఆవిడ పేరు. అసలు శిలట! చుట్టూ ఎర్రతాడు కట్టి ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. ముట్టుకుంటే తెలిసిపోతుంది మరి.

మేడం ఆ పలక తీయించడానికి ఎన్నిసార్లు తిరిగారో. కొన్నాళ్ళకి గేటు దగ్గర కార్డు లేందే లోపలికి పంపేది లేదన్నారు. లోపల తన పేరుంది, బయట తనని పోనివ్వరు! చివరిసారి నేను వెంగళరావు నగర్ వెళ్ళినప్పుడు గదిలో పడుకునే ఉన్నారు. కొండెక్కడం మానేశారు. "రాయి పోయింది, సరే. బొమ్మ తప్పయింది, గది గూడ సరే. కని తప్పు కింద నా పేరుంటే పోరలు నమ్ముతరయ్యా. నా పేరు సూసే నమ్ముతరు. జర ఎట్లనన్న తీపియ్యి" అని నా చెయ్యి పట్టుకున్నారు. వెళ్ళాను. బతిమాలాను, తిట్టాను కూడా. "పెద్దావిడండీ, చాదస్తం. మనం ఇచ్చే గౌరవం అండీ అది" అన్నాడు ఆ పెద్దమనిషి. గౌరవం! నాకు నోటికొచ్చినవన్నీ అనేసి వచ్చాను. తీయించలేకపోయానని ఆవిడతో చెప్పాల్సి వచ్చింది. ఊ అన్నారు. ఆ తర్వాత రాయి మాట ఆవిడ నోట నేను వినలేదు.

ఆదివారం సాయంత్రం సభకి వెళ్ళాను. లైట్లు మాత్రం పెట్టలేదు, వేరేవాళ్ళని చూసుకోమన్నాను. వాళ్ళెవరో బ్రహ్మాండంగా పెట్టారు. రాయి ముందు ఆవిడ ఫోటో, దానికి దండ. నిర్మాతగారు మైకు పట్టుకుని, అమ్మగారి కల మా సంస్థ నెరవేర్చిందని, ఆవిడ ఆత్మ ఈ రాయిలోనే ఉందని కళ్ళు తుడుచుకున్నాడు. నా పక్కన యాదగిరి పళ్ళు నూరుతున్నాడు.

సభ అయిపోయాక ఒక కుర్ర లెక్చరరు తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని రాయి దగ్గరికొచ్చాడు. మేడం పనిచేసిన కాలేజీయేనట, ఈమధ్యే చేరాడట. ఆవిణ్ణి చూడలేదు, ఆవిడ చెప్పిన పాఠాల గురించి విన్నాడు. మంచివాడు, ఫోటోకి వంగి దణ్ణం పెట్టాడు, పిల్లల చేత పెట్టించాడు. తర్వాత ఎర్రతాడు ఇవతల నిలబడి, ఎంతో శ్రద్ధగా మొదలుపెట్టాడు.

"మన కాలేజీలో మేడం గారు అందరికీ నేర్పిన మొదటి సూత్రం ఏంటి? ఏది దేన్ని కోస్తే అది తర్వాతది. ఇప్పుడు చూడండి. ఇక్కడ ఏది దేన్ని కోసింది?"

"నల్లది ఎర్రదాన్ని కోసింది సార్" అన్నారు పిల్లలు.

"వెరీగుడ్. అంటే ఎర్ర గ్రానైటు ముందు. నల్లది తర్వాత పగుళ్ళలోంచి ఎగదన్నుకొచ్చింది. దీన్ని డైక్ అంటాం. రాసుకోండి. ఇక్కడ అన్నిటికన్నా పాతది గ్రానైటే. దానికి ముందు ఇక్కడ నేల ఉందనడానికి ఈ రాయిలో సాక్ష్యం లేదు."

పిల్లలు రాసుకుంటున్నారు. ఆవిడ సూత్రమే, ఆవిడ చెప్పినట్టే, ఒక్క పొల్లు తప్పకుండా వాడాడు పాపం. ఇక ఉండబట్టలేక తాడు దాటి వెళ్ళి ఆ రాయి మీద వేళ్ళతో ఠపఠపా కొట్టాను. ఖాళీ డ్రమ్ములా మోగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. లెక్చరరు నవ్వలేదు. ముఖం పాలిపోయింది.

"ఫైబరా అండీ?"

"ఫైబరే. మా షెడ్డులో పోశాం. రంగు తిరగేసి పడింది. అసలు రాయిలో నల్లదే పాతది. ఎర్రది దాన్ని కోసింది. గ్రానైటుకి ముందే ఇక్కడ నేలుందని ఆవిడ బతుకంతా చెప్పింది ఇదే" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. సెక్యూరిటీ వాళ్ళు ఇటు వస్తున్నారు.

ఆయన ఇత్తడి పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మరి అసలు రాయి ఎక్కడుందండీ?" అన్నాడు మెల్లగా.

"మీ కాళ్ళ కింద. పేల్చిన ముక్కలు లారీల్లో తోలే ఖర్చెందుకని సెల్లారు అడుగున పోసి, పైన స్లాబేశారు."

అందరూ కిందికి చూశారు. తెల్లటి పాలరాయి, లైట్ల వెలుగులో మొహాలు కనపడేంత నునుపు. ముందు వరసలో ఒక పిల్ల వంగి దాన్ని చేత్తో తడిమి, సంతోషంగా తలెత్తింది. "సార్, మార్బుల్ గూడ మెటామార్ఫిక్ రాకే కదా సార్? రూపం మారిన రాయి?"

"కరెక్టేనమ్మా" అన్నాడు లెక్చరరు, నా వైపు చూడకుండా.

పిల్లలు అది కూడా రాసుకున్నారు. పైన రాసిన డైకుని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.